డేటాబేస్ అప్లయన్స్‌కు ప్యాచ్ వేయడం: ముందుకెళ్లే వరస, వెనక్కొచ్చే దారి

ఒక డేటాబేస్ అప్లయన్స్ (డేటాబేస్ కోసమే సర్వర్, స్టోరేజి, సాఫ్ట్‌వేర్ కలిపి అమ్మే యంత్రం) ఏ వెర్షన్‌లో ఉందని అడిగితే ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు ఒక వెర్షన్ ఉంటుంది. దాని కింద క్లస్టర్‌నూ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపునూ) డిస్కులనూ నడిపే గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు ఒకటి, బయోస్‌కు ఒకటి, సర్వర్ ఆగిపోయినా తాను పనిచేస్తూనే ఉండే సర్వీస్ ప్రాసెసర్‌కు ఒకటి, డిస్క్ కంట్రోలర్‌కూ నెట్‌వర్క్ కార్డుకూ చెరొకటి, చివరికి ఒక్కొక్క డిస్కు లోపల ఉండి దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాముకూ ఒకటి ఉంటాయి. విడివిడిగా కొని అమర్చుకున్న సర్వర్లలో ఈ పొరలను వేర్వేరు బృందాలు, వేర్వేరు సమయాల్లో, వేర్వేరు కంపెనీలు ఇచ్చిన ఫైళ్లతో మార్చుకుంటూ ఉంటాయి. అప్లయన్స్‌లో మాత్రం ఇవన్నీ ఒకే కంపెనీ నుంచి, ఒకే వెర్షన్ పేరుతో, ఒకే బండిల్‌గా వస్తాయి.

ఒరాకిల్ ఎక్సాడేటా 2008 సెప్టెంబరులో, దానికన్నా చిన్నదైన ఒరాకిల్ డేటాబేస్ అప్లయన్స్ 2011 సెప్టెంబరులో వచ్చినప్పుడు కొనేవాళ్లను ఆకట్టుకున్న అంశం ఇదే. సర్వర్, స్టోరేజి, నెట్‌వర్క్, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి పరీక్షించి ఇస్తారు కాబట్టి, ఏదైనా తేడా వచ్చినప్పుడు ‘అది మా వల్ల కాదు, వాళ్ల వల్ల’ అని ఒకరి మీద ఒకరు నెట్టుకునే పరిస్థితి ఉండదు. ఈ మాటలో నిజం ఉంది. అయితే ఆ హామీ, పరీక్షించిన కలయిక చెదరనంత వరకే. కెర్నల్ ప్యాకేజీ ఒక్కటే పాతబడిందని దాన్ని విడిగా అప్‌డేట్ చేస్తే, స్టోరేజి డ్రైవరూ క్లస్టర్ ఫైల్ సిస్టమ్ మాడ్యూలూ ఆ కెర్నల్‌తో ఎలా ప్రవర్తిస్తాయో కంపెనీ కూడా పరీక్షించి ఉండదు. ఆ తర్వాత వచ్చే బండిల్ కూడా తాను ఊహించని ప్యాకేజీని చూసి మధ్యలోనే ఆగిపోవచ్చు.

భద్రతా బృందాలకూ, డేటాబేస్‌ను చూసుకునే డీబీఏలకూ మధ్య తరచూ వాదన వచ్చేది ఇక్కడే. స్కానర్ నడిపితే అప్లయన్స్ మీద పాత ప్యాకేజీల జాబితా పెద్దగా వస్తుంది. భద్రతా బృందం ‘యమ్ అప్‌డేట్ కొట్టండి, పది నిమిషాల పని’ అంటుంది (యమ్ అంటే లినక్స్ ప్యాకేజీలను కొత్తవి చేసే ఆదేశం). డీబీఏ కుదరదంటాడు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. బండిల్ వచ్చేదాకా ఆ లోపాన్ని నెట్‌వర్క్ స్థాయిలో కట్టడి చేసి, బండిల్ వచ్చాక వాయిదా వేయకుండా వేయడమే ఇద్దరికీ కుదిరే దారి. రెండో భాగాన్ని మరచిపోయి మొదటి భాగాన్నే పట్టుకు వేలాడే డీబీఏకు ఈ వాదనలో గెలిచే హక్కు లేదని నా అభిప్రాయం.

వాయిదా వేస్తే ఏమవుతుంది

2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే వర్మ్, అంటే యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రాము, ఇంటర్నెట్‌ను కుదిపేసింది. అది మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లోని ఒక బఫర్ ఓవర్‌ఫ్లో లోపాన్ని వాడుకుంది. వర్మ్ మొత్తం 376 బైట్లే కాబట్టి ఒక్క యూడీపీ ప్యాకెట్‌లో ఇమిడిపోయింది. ఆ లోపం ఉన్న యంత్రాల్లో సుమారు 90 శాతం మొదటి పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయని తర్వాత జరిగిన పరిశోధన తేల్చింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది అంతకు ఆరు నెలల ముందు, 2002 జులైలో. అంటే మందు ఉండి కూడా వేసుకోని రోగం అది. డేటాబేస్ సర్వర్‌ను ఆపాలంటే అందరి అనుమతీ కావాలి, ఆగితే వ్యాపారం ఆగుతుంది, నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకనే భయం ఉంటుంది. ఈ కారణాలు అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు.

భద్రత ఒక్కటే కారణం అనుకుంటే ఫర్మ్‌వేర్ ప్యాచ్‌లు ఎందుకు ముఖ్యమో అర్థం కాదు. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ తన కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీల (సర్వర్లలో వాడే ఒక రకం డ్రైవ్‌ల) గురించి ఒక హెచ్చరిక జారీ చేసింది. పాత ఫర్మ్‌వేర్‌తో ఉన్న ఆ డ్రైవ్‌లు సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయని, అందులోని డేటా తిరిగి రాదని అందులో ఉంది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఆ అంకె రెండు యొక్క పదిహేనో ఘాతం అని గుర్తిస్తే, గంటలు లెక్కపెట్టే చోట లెక్క పొంగిపొర్లిందని ఊహించడం కష్టం కాదు. ఇక్కడ భయపెట్టేది ఒక డ్రైవ్ పోవడం కాదు. ఒక డిస్కు పోతే ఇంకో డిస్కులో ప్రతి ఉంటుందన్న నమ్మకం మీదే మిర్రరింగ్ అంతా నిలబడి ఉంది. కానీ ఒకే రోజున ఆన్ చేసిన డ్రైవ్‌లు ఒకే గంటకు ఆ అంకెను చేరుకుంటాయి. అప్లయన్స్‌లో డిస్కులన్నీ ఒకే రోజున ఆన్ అవుతాయి. రేయిడ్ (డేటాను పలు డిస్కుల మీద పరచి కాపాడే పద్ధతి) గానీ మిర్రర్ గానీ కాపాడలేని ఇలాంటి లోపానికి ముందే వేసిన ఫర్మ్‌వేర్ ఒక్కటే విరుగుడు.

కేలండర్ లెక్క

ఒరాకిల్ 2005 జనవరి నుంచి భద్రతా ప్యాచ్‌లను మూడు నెలలకొకసారి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో విడుదల చేస్తోంది. డేటాబేస్‌కు సంబంధించినంత వరకు వాటి పేర్లూ స్వరూపాలూ చాలాసార్లు మారాయి. 2017 జులై నుంచి రిలీజ్ అప్‌డేట్ అనే పద్ధతి వచ్చింది. వీటిని పని చేసేవాళ్లంతా ఆర్‌యూ అనే పిలుస్తారు. ఆర్‌యూ సంచితం, అంటే తాజాది ఒకటి వేస్తే దానికి ముందున్నవన్నీ అందులోనే వచ్చేస్తాయి. కొత్త మార్పులు తక్కువగా, భద్రతా సవరణలు మాత్రమే కావాలనుకునే వాళ్ల కోసం కొంతకాలం రిలీజ్ అప్‌డేట్ రివిజన్‌లు ఇచ్చారు. 2023 నుంచి వాటిని ఆపేసి, లినక్స్ మీద నెలనెలా సిఫారసు ప్యాచ్‌లు ఇస్తున్నారు.

అప్లయన్స్ బండిల్ ఈ కేలండర్‌ను కొంచెం ఆలస్యంగా అనుసరిస్తుంది. ఆర్‌యూ వచ్చాక దాన్ని సరిపోయే ఆపరేటింగ్ సిస్టమ్, ఫర్మ్‌వేర్‌లతో కలిపి పరీక్షించాలి కాబట్టి ఒరాకిల్ డేటాబేస్ అప్లయన్స్ బండిల్ రావడానికి సాధారణంగా మరికొన్ని వారాలు పడుతుంది. ఆడిట్ నివేదికలో ‘విడుదలైన ముప్పై రోజుల్లో ప్యాచ్ వేయాలి’ అని గుడ్డిగా రాసుకున్న సంస్థలు ఇక్కడ ఇరుక్కుంటాయి. ఆ నియమంలో అప్లయన్స్‌కు గడువును బండిల్ విడుదలైన తేదీ నుంచి లెక్కించాలని ముందే రాసుకోవడం మేలు.

ప్రతి బండిల్‌కూ తాను నేరుగా వేయదగిన కనీస వెర్షన్ ఒకటి ఉంటుంది. అంతకన్నా వెనకబడి ఉంటే మధ్యలో ఇంకో వెర్షన్‌కు దిగి, అక్కడి నుంచి మళ్లీ ఎక్కాలి. రెండు సంవత్సరాలు ఊరుకున్న యంత్రానికి ఇలాంటి మజిలీలు రెండో మూడో పడవచ్చు. ఒక్కొక్క మజిలీకీ విడిగా డౌన్‌టైమ్, విడిగా పరీక్ష, విడిగా అనుమతి కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద వెర్షనే మారాల్సి వస్తే పని మరీ పెరుగుతుంది. ఒరాకిల్ లినక్స్ 6కు ప్రీమియర్ సపోర్ట్ 2021 మార్చిలో, ఒరాకిల్ లినక్స్ 7కు 2024 డిసెంబరులో ముగిసింది. ఇలాంటి పెద్ద దూకుళ్ల కోసమే ఒరాకిల్ డేటాబేస్ అప్లయన్స్‌లో డేటా ప్రిజర్వింగ్ రీప్రొవిజనింగ్ అనే పద్ధతి తెచ్చారు. అందులో ఆకృతీకరణ వివరాలను ముందు పోగుచేసి, నోడ్‌ను, అంటే క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌ను, విడదీసి, సిస్టమ్ డిస్కును కొత్త ఇమేజ్‌తో మొదటి నుంచి నింపుతారు. ఏఎస్ఎం (డిస్కులను గుంపులుగా నడిపే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్) డిస్క్ గ్రూపుల్లో ఉన్న డేటాను మాత్రం ముట్టుకోకుండా మళ్లీ అతికిస్తారు. పద్ధతి బాగానే ఉంటుంది. కానీ సిస్టమ్ డిస్కు మీద మనం సొంతంగా పెట్టుకున్న స్క్రిప్టులు, క్రాన్ పనులు (వేళకు వాటంతట అవే నడిచేవి), బ్యాకప్ ఏజెంటు, వాలెట్ ఫైళ్లు (పాస్‌వర్డులు దాచేవి) అన్నీ పోతాయి. వాటి జాబితా ఎవరి దగ్గరా లేదన్న సంగతి చాలాచోట్ల ఇమేజింగ్ అయ్యాకే తెలుస్తుంది.

వరస ఎందుకు అలా ఉంటుంది

ఒరాకిల్ డేటాబేస్ అప్లయన్స్‌లో పని ఒక నిర్ణీత వరసలో సాగుతుంది. ముందుగా బండిల్ ఫైళ్లను రిపాజిటరీలోకి చేర్చి, నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను అంటే డీసీఎస్ అడ్మిన్, డీసీఎస్ కాంపోనెంట్లు, డీసీఎస్ ఏజెంటులను అప్‌డేట్ చేస్తారు. తర్వాత, యంత్రం ప్యాచ్‌కు సిద్ధంగా ఉందో లేదో చెప్పే ప్రీప్యాచ్ రిపోర్టు తీస్తారు. ఆ పైన సర్వర్ పొర, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఐలామ్ (పైన చెప్పిన సర్వీస్ ప్రాసెసర్), బయోస్, గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మారతాయి. తర్వాత స్టోరేజి, చివరికి డేటాబేస్ హోమ్‌లు, అంటే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉండే డైరెక్టరీలు. చూడటానికి కంపెనీ తన సౌకర్యం కొద్దీ పెట్టిన వరసలా ఉంటుంది గానీ, ప్రతి మెట్టుకూ కారణం ఉంది. కొత్త బండిల్‌ను ఎలా వేయాలో పాత ఏజెంటుకు తెలియదు కాబట్టి ఏజెంటు ముందు మారాలి. గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వెర్షన్ ఎప్పుడూ డేటాబేస్ వెర్షన్‌కు సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి కాబట్టి అది డేటాబేస్ హోమ్‌కన్నా ముందు మారాలి. విడి సర్వర్ల మీద చేతితో ప్యాచ్ వేసేవాళ్లకు కూడా ఇదే సూత్రం ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఏ ఆర్‌యూ వేయాలన్నా ముందు ప్యాచ్‌లు వేసే ఓప్యాచ్ పనిముట్టునే కొత్తది చేసుకోవాలి. అందుకే 6880880 అనే దాని ప్యాచ్ సంఖ్య చాలామంది డీబీఏలకు సొంత ఫోన్ నంబరుకన్నా బాగా గుర్తుంటుంది.

ఈ వరసలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ప్రీప్యాచ్ రిపోర్టును. దాన్ని ప్యాచ్ వేసే రాత్రి మొదటి పనిగా నడిపేవాళ్లున్నారు. అప్పుడు దానివల్ల ప్రయోజనం లేదు. రిపోర్టులో ఫెయిల్డ్ అని కనిపించిన వరుసను సరిచేయడానికి సపోర్ట్ టికెట్ తెరవాల్సి రావచ్చు, దానికి జవాబు ఆ రాత్రికి రాకపోవచ్చు. కనీసం ఒక వారం ముందు ఒకసారి, మళ్లీ ముందు రోజు ఒకసారి నడపాలి. సర్వర్ ఒక్కసారి కూడా రీబూట్ కాకుండా చాలా నెలలు గడిచి ఉంటే, ప్యాచ్ వేయకముందే ఒకసారి రీబూట్ చేసి చూడటం కూడా అవసరమే. ఎప్పుడో ఎవరో మార్చిన మౌంట్ సెట్టింగ్ వల్ల బూట్ కాకపోతే, ఆ నేరం ప్యాచ్ మీద పడకుండా ఉంటుంది.

రిపోర్టు ఫెయిల్ కావడానికి కారణాలు చాలాసార్లు చాలా మామూలుగా ఉంటాయి. రూట్ ఫైల్ సిస్టమ్‌లోనో, సాఫ్ట్‌వేర్ హోమ్‌లు ఉండే చోటనో ఖాళీ చాలదు. నెలల తరబడి పేరుకున్న ట్రేస్ ఫైళ్లు, పాత బండిళ్ల జిప్ ఫైళ్లు దానికి కారణమై ఉంటాయి. భద్రత పేరుతో తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ మీద ప్రోగ్రాములు నడవకుండా నోఎగ్జెక్ పెట్టి ఉంటారు. ప్యాచ్ పనిముట్లు తమ స్క్రిప్టులను విప్పి నడుపుకొనేది తరచూ అక్కడే. ఎవరో మానిటరింగ్ ఏజెంటు కోసం అదనపు ఆర్‌పీఎం ప్యాకేజీలు పెట్టి ఉంటారు. వాటి ఆధారాలు కొత్త ప్యాకేజీలతో పొసగవు. డేటాబేస్ హోమ్‌లో గతంలో ఏదో బగ్ కోసం వేసిన విడి ప్యాచ్ ఒకటి కొత్త ఆర్‌యూతో ఢీకొంటుంది. ఈ చివరిదానికి ముందుచూపు ఎక్కువ కావాలి. ఆ బగ్ సవరణ కొత్త ఆర్‌యూలో ఇప్పటికే కలిసిందా, లేకపోతే ఆ ఆర్‌యూ మీద వేయడానికి వేరే విడి ప్యాచ్ ఉందా అని సపోర్ట్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చూసుకోకుండా తీసేస్తే, రెండేళ్ల కిందట అందరూ తిప్పలు పడి పరిష్కరించిన సమస్య కొత్త సమస్య వేషంలో తిరిగి వస్తుంది.

రోలింగ్ అంటే నిజంగా ఏం జరుగుతుంది

రెండు నోడ్‌ల యంత్రం మీద రోలింగ్ పద్ధతిలో, అంటే ఒక నోడ్ తర్వాత ఇంకో నోడ్‌గా, ప్యాచ్ వేయడాన్ని దగ్గర నుంచి చూద్దాం. మొదటి నోడ్ మీద ఉన్న సర్వీసులను రెండో నోడ్‌కు తరలిస్తారు. సర్వీసును ఆపేటప్పుడు డ్రెయిన్ గడువు ఇస్తే, అప్పటికే నడుస్తున్న లావాదేవీలు ముగిసేదాకా ఆగి, కనెక్షన్లు ఒక్కొక్కటిగా అవతలికి వెళతాయి. సెషన్లు ఖాళీ అయ్యాక ఆ నోడ్ మీద ఇన్‌స్టెన్సును (అక్కడ నడుస్తున్న డేటాబేస్ ప్రక్రియలను), క్లస్టర్ స్టాక్‌ను ఆపి, ప్యాచ్ వేసి, మళ్లీ లేపుతారు. ఆ క్షణంలో క్లస్టర్ యాక్టివ్ వెర్షన్‌ను అడిగితే, అప్‌గ్రేడ్ స్థితి దగ్గర ‘రోలింగ్ ప్యాచ్’ అని కనిపిస్తుంది. ఒక నోడ్ కొత్త ప్యాచ్ స్థాయిలో, రెండోది పాతదాంట్లో ఉందని అర్థం. రెండో నోడ్ కూడా పూర్తయ్యాక అది ‘నార్మల్’కు మారాలి, రెండు నోడ్‌లూ ఒకే ప్యాచ్ స్థాయి సంఖ్యను చూపాలి. ఈ ఒక్క వరుస చూడకుండా పని అయిపోయిందని మెయిల్ పెట్టేయడం వల్ల, క్లస్టర్ వారాల తరబడి మధ్యస్థ స్థితిలోనే ఉండిపోవచ్చు. ఆ స్థితిలో డిస్కులు చేర్చడం వంటి ఏఎస్ఎం పనులు కొన్ని కుదరవు. ఎందుకు కుదరడం లేదో వెతికేవాడికి ఆనాటి ప్యాచ్ గుర్తుకే రాదు.

రోలింగ్ అనే మాటను వ్యాపార విభాగాలు ‘డౌన్‌టైమ్ లేదు’ అని అర్థం చేసుకుంటాయి. అది సగం నిజమే. కనెక్షన్ తెగితే తిరిగి కలుపుకోవడం అప్లికేషన్‌కు తెలియాలి, కనెక్షన్ పూల్ క్లస్టర్ సంకేతాలను అందుకోవాలి. ఇవి లేకపోతే డేటాబేస్ ఆగకపోయినా వాడేవాళ్లకు ఎర్రర్లు వస్తూనే ఉంటాయి. సింగిల్ ఇన్‌స్టెన్సుగా నడుస్తున్న డేటాబేస్‌ను ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు మార్చాలన్నా కొద్దిసేపు ఆపక తప్పదు. పైగా ఉన్న భారమంతా ఒక్క నోడ్ మోయగలదా అన్నది ముందే చూసుకోవాలి. రెండు నోడ్‌లూ ఎప్పుడూ అరవై, డెబ్బై శాతం సీపీయూతో నడుస్తున్న యంత్రం మీద రోలింగ్ ప్యాచ్ వేయడమంటే, పగటిపూట అయితే, తెలిసి తెలిసి ఇబ్బంది కొని తెచ్చుకోవడమే. నాన్‌రోలింగ్ పద్ధతిలో అంతా ఒకేసారి ఆపుతారు. మొత్తం పని త్వరగా ముగుస్తుంది, మధ్యస్థ స్థితి ఉండదు. ఆదివారం రాత్రి నాలుగు గంటలు ఆపుకోగల సంస్థకు అదే మేలైన ఎంపిక అని మొహమాటం లేకుండా చెప్పవచ్చు.

ఎక్సాడేటాలో స్టోరేజి సెల్‌ల (డిస్కులుండే సర్వర్ల) దగ్గర రోలింగ్‌కు ఇంకో కోణం ఉంది. ప్రతి సెల్‌నూ వంతులవారీగా ఆఫ్‌లైన్ చేసి ప్యాచ్ వేస్తారు. డిస్క్ గ్రూపు నార్మల్ రిడండెన్సీలో ఉంటే ప్రతి డేటా ముక్కకూ రెండు ప్రతులే ఉంటాయి. ఒక సెల్ ఆఫ్‌లైన్‌లో ఉన్నంతసేపూ కొంత డేటాకు మిగిలేది ఒక్క ప్రతి. సరిగ్గా అదే సమయంలో జత సెల్‌లో ఒక డిస్కు పోతే డిస్క్ గ్రూపే దిగిపోవచ్చు. మూడు ప్రతులుండే హై రిడండెన్సీలో ఆ భయం ఉండదు కాబట్టి, రోలింగ్‌గా సెల్ ప్యాచ్ వేయాలనుకునేవాళ్లకు అది సరైన అమరిక. సెల్‌ను ఆపేముందు, దాన్ని ఆపినా ఫరవాలేదా అని ఏఎస్ఎంను అడిగి ‘యెస్’ అన్న జవాబు వచ్చాకే ముందుకెళ్లాలి. డిస్క్ రిపేర్ టైమ్ అనే గడువును కూడా చూసుకోవాలి. పాత వెర్షన్లలో అది డిఫాల్ట్‌గా 3.6 గంటలే. సెల్ అంతలోపు తిరిగి రాకపోతే ఏఎస్ఎం ఆ డిస్కులను వదిలేసి, డేటా మొత్తాన్ని మిగిలినవాటి మీదికి సర్దడం మొదలుపెడుతుంది. రాత్రి ప్యాచ్ కాస్తా మరునాటి పగలంతా సాగే రీబ్యాలెన్స్‌గా మారుతుంది.

ఫర్మ్‌వేర్ మారేటప్పుడు కావలసింది ఓపిక. మెమరీ ఎక్కువగా ఉన్న సర్వర్ రీబూట్ అయ్యేటప్పుడు సొంత పరీక్షలకే చాలా సమయం తీసుకుంటుంది, ఫర్మ్‌వేర్ రాసే దశలో తెర మీద ఏ కదలికా కనిపించకపోవచ్చు. అప్పుడు వేలాడిపోయిందనుకుని పవర్ ఆపేస్తే బోర్డే మార్చాల్సిన స్థితి రావచ్చు. అందుకే ఐలామ్ కన్సోల్ వేరే కిటికీలో తెరిచి ఉంచాలి. నెట్‌వర్క్ తెగినా పని తెగకుండా, ఆదేశాలను స్క్రీన్ లేదా టీమక్స్ అనే పనిముట్ల లోపల నడపాలి.

డిక్షనరీ పొర

బైనరీలు మారాక డేటాబేస్ లేచి, అప్లికేషన్ కలిసి, అంతా బాగానే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆర్‌యూలో రెండు భాగాలుంటాయి. మొదటిది హోమ్‌లోని ప్రోగ్రాము ఫైళ్లు. రెండోది డేటాబేస్ లోపల డేటా డిక్షనరీలో (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే పట్టికల్లో) ఉండే ప్యాకేజీలు, వ్యూలను మార్చే ఎస్‌క్యూఎల్ భాగం. ఈ రెండో భాగాన్ని చేసేది డేటాప్యాచ్. క్లస్టర్‌లో నోడ్‌లన్నీ ప్యాచ్ అయ్యాక దీన్ని డేటాబేస్‌కు ఒక్కసారే నడుపుతారు. డేటాబేస్ అప్లయన్స్‌లో హోమ్ అప్‌డేట్ ఆదేశమే దాన్ని నడిపిస్తుంది, కానీ అది సరిగా ముగిసిందో లేదో చూసుకునే బాధ్యత మనదే. డీబీఏ రిజిస్ట్రీ ఎస్‌క్యూఎల్‌ప్యాచ్ వ్యూలో ఆ ఆర్‌యూ ఎదురుగా సక్సెస్ అని ఉండాలి.

మల్టీటెనెంట్ డేటాబేస్‌లలో, అంటే పీడీబీలనే చిన్న డేటాబేస్‌లను లోపల ఉంచుకునేవాటిలో, డేటాప్యాచ్ తెరిచి ఉన్న పీడీబీలకే వర్తిస్తుంది. వాడుకలో లేదని మూసి ఉంచిన పీడీబీ పాత డిక్షనరీతోనే ఉండిపోతుంది. మూడు నెలల తర్వాత ఎవరో దాన్ని తెరిస్తే, పీడీబీ ప్లగ్ఇన్ వయొలేషన్స్ వ్యూలో ఎస్‌క్యూఎల్ ప్యాచ్ తేడా నమోదవుతుంది. వెర్షన్‌ను బట్టి అది పరిమిత స్థితిలోనే తెరుచుకోవచ్చు. ప్యాచ్‌కు ముందే అన్ని పీడీబీల జాబితా తీసి, మూసి ఉన్నవాటిని తెరవడమో, తర్వాత విడిగా చేయాలని రాసుకోవడమో చేస్తే ఈ తలనొప్పి తప్పుతుంది. చెల్లని ఆబ్జెక్టుల సంఖ్యను కూడా ముందే తీసి పెట్టుకోవాలి. తర్వాత ఎనభై కనిపిస్తే, వాటిలో డెబ్బై తొమ్మిది ఎప్పటినుంచో ఉన్నవేనని తెలియనివాళ్లు తెల్లవారుజామున అనవసరంగా కంగారు పడతారు.

ప్యాచ్ వేశాక క్వెరీలు నెమ్మదిస్తాయన్న భయం ఒకటుంది. ఆర్‌యూలతో వచ్చే ఆప్టిమైజర్ సవరణల్లో, ఎగ్జిక్యూషన్ ప్లాన్‌ను (క్వెరీ నడిచే దారిని) మార్చగలవి డిఫాల్ట్‌గా నిద్రావస్థలోనే వస్తాయి. కావాలనుకున్నవాళ్లు డీబీఎంఎస్ ఆప్టిమ్ బండిల్ ప్యాకేజీతో వాటిని మేల్కొల్పుకోవచ్చు. కాబట్టి ఆ భయం కొంతవరకు నిరాధారమే, పూర్తిగా కాదు. ముందు వారపు ఏడబ్ల్యూఆర్ (డేటాబేస్ పనితీరు) రిపోర్టులు చేతిలో ఉంటే వాదన ఊహల మీద కాక అంకెల మీద నడుస్తుంది.

వెనక్కొచ్చే దారి పొరకొకటి

నా దృష్టిలో ప్యాచ్ ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం, ఏ మెట్టు దగ్గర ఆగితే ఎలా వెనక్కి వస్తామో రాసుకున్నది. ‘రోల్‌బ్యాక్: బ్యాకప్ నుంచి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది ప్రణాళిక కాదు, ఎందుకంటే పొరకొక దారి ఉంది, కొన్ని పొరలకు దారే లేదు.

డేటాబేస్ హోమ్ విషయంలో దారి సులువు. పాత హోమ్‌ను ముట్టుకోకుండా పక్కన కొత్త హోమ్ పెట్టి, దానికి ప్యాచ్ వేసి, డేటాబేస్‌ను అందులోకి మార్చే ఔట్ ఆఫ్ ప్లేస్ పద్ధతిలో, వెనక్కి రావాలంటే పాత హోమ్ నుంచి మళ్లీ లేపితే సరిపోతుంది. దాంతోపాటు డేటాప్యాచ్‌ను మళ్లీ నడిపితే డిక్షనరీ మార్పులు కూడా వెనక్కి వెళతాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్నాప్‌షాట్ ఆధారం. డేటాబేస్ అప్లయన్స్ మీద ఓడీఏబీఆర్ అనే పనిముట్టు ఎల్‌వీఎం స్నాప్‌షాట్‌లు (డిస్కు ఆ క్షణంలో ఉన్న స్థితికి ప్రతులు) తీసిపెడుతుంది. ఎక్సాడేటా స్టోరేజి సెల్‌లో సిస్టమ్ విభాగాలు రెండు ఉంటాయి. కొత్త ఇమేజ్ ఖాళీగా ఉన్నదానిలోకి వెళుతుంది, తేడా వస్తే పాతదాని నుంచి బూట్ కావచ్చు. ఫర్మ్‌వేర్ మాత్రం సాధారణంగా ఒకవైపు ప్రయాణమే. పైపొరలు వెనక్కి వచ్చినా కొత్త ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది.

గ్యారంటీడ్ రిస్టోర్ పాయింట్ పెట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. అది డేటాబేస్ లోపలి స్థితిని మాత్రమే ఆ క్షణానికి తీసుకెళుతుంది, బైనరీలను ముట్టుకోదు. పైగా వాడేవాళ్లు తిరిగి లోపలికి వచ్చి లావాదేవీలు చేశాక ఫ్లాష్‌బ్యాక్ చేస్తే ఆ లావాదేవీలు కూడా పోతాయి. అంటే దాని ఉపయోగం తలుపులు తెరిచేంత వరకే. తలుపులు తెరిచాక దాన్ని వదిలేస్తే ఫ్లాష్‌బ్యాక్ లాగ్‌లు పెరిగి రికవరీ ఏరియా నిండి డేటాబేస్ నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. కంపాటిబుల్ పారామీటర్‌ను (ఏ వెర్షన్ సౌకర్యాలు వాడవచ్చో చెప్పేదాన్ని), డిస్క్ గ్రూప్ కంపాటిబిలిటీని పెంచడం ప్యాచ్‌లో భాగం కాదు. ఒకసారి పెంచితే అవి దిగవు. ఎలాగూ డౌన్‌టైమ్ దొరికింది కదా అని అదే రాత్రి వాటిని కూడా పెంచేయడం, ఉన్న దారులన్నీ మన చేతులతో మనమే మూసుకోవడం.

పరీక్షకు అచ్చం ఇలాంటిదే ఇంకో అప్లయన్స్ ఉండాలని పుస్తకాలు చెబుతాయి. అంత ఖరీదు పెట్టగలిగేవాళ్లు తక్కువ. డేటా గార్డ్ స్టాండ్‌బై (అసలు డేటాబేస్‌కు వేరే యంత్రం మీద నడిచే ప్రతి) ఉన్నవాళ్లు మాత్రం ఆ యంత్రాన్నే మొదటి పరీక్షకు వాడుకోవచ్చు. స్టాండ్‌బై ఫస్ట్ పద్ధతిలో ముందు స్టాండ్‌బై వైపు యంత్రానికి ప్యాచ్ వేసి, పాత వెర్షన్‌లో ఉన్న ప్రైమరీ (అసలు డేటాబేస్) నుంచి రీడో (మార్పుల చిట్టా) తీసుకుంటూ కొన్ని రోజులు నడవనిస్తారు. ఫర్మ్‌వేర్, కెర్నల్, క్లస్టర్ పొరల్లో తేడాలుంటే అక్కడే బయటపడతాయి. ఆ స్టాండ్‌బైను కొద్దిసేపు స్నాప్‌షాట్ స్టాండ్‌బైగా మార్చి, దాని మీదే డేటాప్యాచ్ నడిపి, ముఖ్యమైన క్వెరీలు పరీక్షించి, మళ్లీ మామూలు స్టాండ్‌బైగా తిప్పేయవచ్చు. అసలు డేటాప్యాచ్‌ను మాత్రం రెండు వైపులా బైనరీలు మారాకే, ప్రైమరీ మీద నడపాలి. డిక్షనరీ మార్పులు రీడో ద్వారా స్టాండ్‌బైకి వాటంతట అవే చేరతాయి. పాత బైనరీలున్న వైపుకు కొత్త డిక్షనరీ చేరకూడదన్నదే ఈ వరస వెనక ఉన్న కారణం.

తలుపులు తెరిచాక మిగిలే పనులు చిన్నవి. సర్వీసులు తమ సొంత నోడ్‌లకు తిరిగి వచ్చాయా, కొత్త హోమ్ నుంచి ఒక పూర్తి బ్యాకప్ సరిగా ముగిసిందా, లిజనర్ (కనెక్షన్లను అందుకునే ప్రోగ్రాము) ఫైళ్లూ క్రాన్ స్క్రిప్టులూ పాత హోమ్ దారినే ఇంకా పట్టుకుని ఉన్నాయా అని చూడాలి. ఈ చివరిది ఔట్ ఆఫ్ ప్లేస్ పద్ధతిలో తరచూ తగిలే లోపం. స్క్రిప్టులో హోమ్ దారి నేరుగా రాసి ఉంటే, పాత హోమ్ ఉన్నంతకాలం ఏ ఎర్రరూ రాకపోవచ్చు, తీసేసిన రోజున బ్యాకప్ ఆగుతుంది. కాబట్టి పాత హోమ్‌ను వెంటనే తొలగించకుండా, కనీసం ఒక నెలాఖరు లెక్కల భారాన్ని కొత్త హోమ్ మోసేదాకా ఉంచి, తొలగించేముందు దాని పేరు మార్చి ఒక రోజు గమనించాలి. ఆ రోజు ఏ పనీ తప్పిపోకపోతే పేరును తిరిగి యథాతథం చేసి, అప్లయన్స్ సొంత ఆదేశంతోనే తొలగించాలి. చేతితో డైరెక్టరీ చెరిపేస్తే ఇన్వెంటరీలో ఆ హోమ్ ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది, తర్వాతి బండిల్ ప్రీప్యాచ్ రిపోర్టు దాన్నే వెతుకుతూ ఫెయిల్ కావచ్చు.